నికాహ్ నాటి బరువు, నేటి బరువు



మా సొసైటీ వైద్య సహాయ విభాగం ప్రతి ఏటా ఈ సంచికలో ఒక ఆరోగ్య విషయం మీద వ్యాసం రాస్తోంది. ఇదివరకు మూత్రపిండాల గురించి, కంటిచూపు గురించి, కాలి పుండ్ల గురించి రాశాం. ఈసారి ఆ మూడింటికీ వెనక ఉన్న ఒక సంగతి చెబుతాం. మీరిచ్చే విరాళాల్లో గణనీయమైన భాగం దాని పర్యవసానాలకే ఖర్చవుతోంది కాబట్టి ఇది మీకు తెలియాలి.

సహాయం కోసం మా కార్యాలయానికి వచ్చేవారిలో చాలామందిది ఒకే కథ. ఒకరికి డయాలిసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు పట్నం వెళ్లిరావాలి. డయాలిసిస్ ఆరోగ్యశ్రీలో జరిగినా రాకపోకల ఖర్చు, ఆ రోజు పోయే కూలి, తోడు వచ్చే కొడుకు కూలి ఎవరూ ఇవ్వరు. ఇంకొకరికి ప్రతి నెలా ఇన్సులిన్ కావాలి. మరొకరికి కాలి వేలు తీసేశారు. దరఖాస్తు నింపేటప్పుడు, "షుగర్ ఉందని ఎప్పుడు తెలిసింది?" అని అడుగుతాం. పదేళ్లనో పన్నెండేళ్లనో చెబుతారు. "అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించారా?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "ఒకసారి చేశారు. బార్డర్‌లో ఉంది, మందు అక్కర్లేదన్నారు" అంటారు. మందు అక్కర్లేదన్న మాటను వాళ్లు ఏమీ అక్కర్లేదన్నట్టుగా అర్థం చేసుకున్నారు. చెప్పినవారు కూడా అలాగే చెప్పి ఉంటారు.

ఆ బార్డర్‌నే వైద్యులు ప్రీడయాబెటిస్ అంటారు. పరగడుపున రక్తంలో గ్లూకోజ్ 100 కంటే తక్కువ ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు ఉంటే బార్డర్, 126 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే షుగర్ వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ బార్డర్‌ను 110 నుంచి లెక్కిస్తుంది, అమెరికా డయాబెటిస్ సంఘం 100 నుంచి లెక్కిస్తుంది. మన ఊరి ల్యాబుల్లో ఎక్కువగా రెండోదే పాటిస్తారు. గ్లూకోజ్ నీళ్లు తాగిన రెండు గంటలకు చూస్తే 140 నుంచి 199 వరకు బార్డర్. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అయితే 5.7 నుంచి 6.4 వరకు. వేలికి గుచ్చి చూసే మిషన్‌లో వచ్చిన అంకె ఒక సూచన మాత్రమే. దాన్ని ల్యాబ్‌లో ఖాయం చేసుకోవాలి.

ఈ బార్డర్‌లో ఎంతమంది ఉన్నారు? భారత వైద్య పరిశోధన మండలి సాయంతో చెన్నై డాక్టర్లు దేశంలోని అన్ని రాష్ట్రాల్లో సర్వే చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. షుగర్ ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. బార్డర్‌లో ఉన్నవారు సుమారు 13 కోట్ల 60 లక్షలు. అంటే రోగుల కంటే రోగం వాకిట్లో నిలబడినవారే ఎక్కువ. మన ఖర్చంతా లోపలికి వెళ్లిపోయినవారి మీదే అవుతోంది. అది ఆపమని మేము అనడం లేదు, ఎన్నడూ ఆపలేం. కానీ వాకిట్లో ఉన్నవారు అక్కడికి ఎలా వచ్చారో చూడాలి.

చాలా దారులున్నాయి. తల్లిదండ్రులకు షుగర్ ఉండటం ఒకటి, వయసు ఒకటి, కూర్చుని చేసే పని ఒకటి. గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తర్వాత పోయిన స్త్రీలకు తర్వాతి కాలంలో ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. వీటిలో మనిషి మార్చలేనివి ఉన్నాయి. మార్చగలిగిన వాటిలో పెద్దది ఒంటి బరువు. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. బరువు అనగానే అందరూ ఈ రోజు మిషన్ మీద ఎంత చూపిస్తోందని అడుగుతారు. అసలు అడగాల్సింది ఎన్నేళ్లుగా, ఎంత పెరుగుతూ వచ్చిందని.

దీనికి వడ్డీ పోలిక బాగా కుదిరేది, కానీ అది మన నోట బాగుండదు. గోడకు పట్టే చెమ్మ అనుకుందాం. ఒక్క వానకు గోడ కూలదు. పైపు ఎక్కడో కారుతూ పదేళ్లు తడుస్తూ ఉంటే, పైన సున్నం తెల్లగానే ఉన్నా లోపల ఇటుక పిండైపోతుంది. మచ్చ బయటికి కనబడిన రోజునే చెమ్మ మొదలైందని మనం అనుకుంటాం.

దీన్ని రుజువు చేసిన మంచి పరిశోధన మన దేశంలోనే జరిగింది. 1969 నుంచి 1972 వరకు దక్షిణ ఢిల్లీలోని ఒక ప్రాంతంలో పుట్టిన పిల్లలను డాక్టర్ ఎస్.కె. భార్గవ, ఆయన సహచరులు పుట్టినప్పటి నుంచీ వెంబడించారు. ఇంటింటికీ తిరిగి ఆరు నెలలకోసారి బరువు, ఎత్తు కొలిచి రాసుకున్నారు. ఆ రోజుల్లో వాళ్లు చూడాలనుకున్నది చక్కెర జబ్బును కాదు. ఆ కాగితాలు భద్రంగా ఉన్నాయి. ఆ పిల్లలు 26 నుంచి 32 ఏళ్ల వయసుకు వచ్చాక 1492 మందిని మళ్లీ వెతికి పట్టుకుని గ్లూకోజ్ పరీక్ష చేశారు. 2004లో ఫలితాలు వచ్చాయి. నూటికి 10.8 మంది బార్డర్‌లో ఉన్నారు, 4.4 మందికి అప్పటికే షుగర్ ఉంది. అంత చిన్న వయసులో ప్రతి ఏడుగురిలో ఒకరన్నమాట.

ఎవరికి వచ్చిందని పాత కాగితాలు తిరగేస్తే ఆశ్చర్యపోయే విషయం బయటపడింది. వాళ్లు బొద్దుగా ఉన్న పిల్లలు కారు. రెండేళ్ల వయసు వరకు సన్నగా ఉండి, ఆ తర్వాత ఎత్తుకు మించి బరువు పెరుగుతూ వచ్చినవారు. పన్నెండేళ్ల వయసులో వారిలో ఒక్కరు కూడా అంతర్జాతీయ కొలతల ప్రకారం స్థూలకాయులు కారు. ఏ ఏడాది చూసినా, "ఈ పిల్లవాడు బాగానే ఉన్నాడు" అనే అనేవారు. ఏళ్ల వరసను కలిపి చూస్తేనే గీత పైకి పోవడం కనిపిస్తుంది. ఎవరూ కలిపి చూడరు కదా! ఆ డాక్టర్లు ముప్ఫై ఏళ్లు కాగితాలు దాచబట్టి మనకీ సంగతి తెలిసింది.

పెద్దయ్యాక పెరిగే బరువు గురించి అమెరికా నర్సుల పరిశోధన చెబుతుంది. 1976లో మొదలైన ఈ పరిశోధనలో లక్ష మందికి పైగా నర్సులు ఉన్నారు. పద్దెనిమిదేళ్ల వయసులో మీ బరువెంత అని వారిని అడిగి రాసుకున్నారు. తర్వాత ఎవరికి షుగర్ వచ్చిందో పద్నాలుగేళ్లు చూశారు. బరువు పెద్దగా మారనివారితో పోలిస్తే 5 నుంచి 8 కిలోల లోపు పెరిగినవారికి ముప్పు దాదాపు రెండింతలు ఉంది. 8 నుంచి 11 కిలోల లోపు పెరిగినవారికి రెండున్నర రెట్లకు పైగా ఉంది. ఐదు కిలోలకు మించి తగ్గినవారికి ముప్పు సగానికి సగం పడిపోయింది. ఇవి షుగర్ వ్యాధి లెక్కలు. ఆ వ్యాధికి దారి బార్డర్ గుండానే కాబట్టి మన విషయానికీ పనికొస్తాయి.

ఎనిమిది కిలోలంటే మనలో ఎవరికీ పెద్ద లెక్క కాదు. ఐదడుగుల ఐదంగుళాల దర్జీ ఒకరిని ఊహించుకోండి. నికాహ్ నాడు 55 కిలోలు. ఇరవై ఏళ్ల తర్వాత 67 కిలోలు. ఎవరూ ఆయన్ను లావు అనరు, పెళ్లయ్యాక మనిషి కాస్త నిండుగా అయ్యాడని సంతోషిస్తారు. ఆ పన్నెండు కిలోలను ఇరవై ఏళ్లకు పంచితే ఏడాదికి ఆరు వందల గ్రాములు, నెలకు యాభై గ్రాములు. ఏ మిషన్ మీదా ఆ యాభై గ్రాములు కనబడవు. షేర్వానీ గుండీ పట్టకపోతే అల్మారాలో ముడుచుకుపోయిందని అనుకుంటాం.

ఒంట్లో ఏం జరుగుతుందంటే, మనం ఖర్చు చేయని ఆహారం కొవ్వుగా మారి ముందు చర్మం కింద చేరుతుంది. అక్కడ ఉన్నంతవరకు పెద్ద హాని లేదు. అక్కడ చోటు నిండాక కాలేయంలోకి, పొట్ట లోపలికి, చివరకు ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలోకి చేరుతుంది. ఈ చోటు ఎంత అన్నది మనిషి మనిషికీ వేరు. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు రాయ్ టేలర్ ప్రతి శరీరానికీ తనదైన ఒక హద్దు ఉంటుందని ప్రతిపాదించారు. ఒకరు 100 కిలోలు ఉండి కూడా ఆ హద్దు దాటకపోవచ్చు. మరొకరు 65కే దాటేస్తారు. కాలేయంలో కొవ్వు చేరితే ఇన్సులిన్ మాట కాలేయం వినదు. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి పని నడిపిస్తుంది. ఏళ్ల తరబడి ఇలా ఓవర్‌టైమ్ చేస్తుంది. అన్ని ఏళ్లూ పరీక్షలో షుగర్ మామూలుగానే కనిపిస్తుంది.

లండన్ ప్రభుత్వ ఉద్యోగులను ఏళ్ల తరబడి పరిశీలించిన వైట్‌హాల్ పరిశోధన ఈ ఓవర్‌టైమ్ కాలాన్ని లెక్కగట్టింది. 2009లో ప్రచురించిన వివరాల ప్రకారం, షుగర్ తేలడానికి సుమారు ఐదేళ్ల ముందు నుంచే ఇన్సులిన్ పట్ల శరీరం స్పందన వేగంగా పడిపోవడం మొదలైంది. క్లోమం నాలుగు, మూడేళ్ల ముందు గట్టిగా పుంజుకుని, ఆ తర్వాత అలసిపోయింది. అది అలసిపోయాకే పరగడుపు అంకె గభాలున పైకి లేచింది. కాబట్టి బార్డర్‌ను తొలి మెట్టు అనుకోకూడదు. చాలా మెట్లు ఎక్కాక మన కంటికి కనబడిన మొదటి మెట్టు అది.

"మాది బక్క శరీరం, మాకేం కాదు" అని మన శిబిరాల్లో వినిపించే మాటకు జవాబుగా ఒక ఫోటో ఉంది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్నది. 2004లో లాన్సెట్ పత్రికలో వేశారు. ఎత్తుకు బరువు లెక్క, అంటే బీఎంఐ, ఇద్దరిదీ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ డాక్టర్‌కు నూటికి 9.1 పాళ్లు, మన పుణె డాక్టర్‌కు 21.2 పాళ్లు. చూపుకు సన్నగా, లోపల కొవ్వుగా ఉండే శరీరాలు మనవి. అందుకే భారతీయులకు హద్దులు తగ్గించారు. తెల్లవారికి బీఎంఐ 25 దాటితే అధిక బరువు, మనకు 23కే. వారికి 30 దాటితే స్థూలకాయం, మనకు 25కే. ఐదడుగుల ఐదంగుళాల పురుషుడికి 23 అంటే సుమారు 62.5 కిలోలు, 25 అంటే 68. ఐదడుగుల స్త్రీకి 23 అంటే సుమారు 53 కిలోలు, 25 అంటే దాదాపు 58. నడుం చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటకూడదు. మనం ఊహించుకున్న దర్జీ లెక్క చూడండి. 67 కిలోల దగ్గర ఆయన బీఎంఐ 24.6. తెల్లవారి పట్టికలో ఆరోగ్యవంతుడు, మన పట్టికలో కాదు.

మన వాళ్లు ఇంకో విషయంలోనూ వేరు. మనం బార్డర్ త్వరగా దాటేస్తాం. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం బార్డర్‌లో ఉన్న 531 మందిని తీసుకుంది. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు సలహా తప్ప ఏమీ ఇవ్వని గుంపులో మూడేళ్లకు నూటికి 55 మందికి షుగర్ వచ్చేసింది. మూడేళ్లలో సగం మందికి పైగా! "బార్డరే కదా" అని ఊరుకున్నవారికి ఈ ఒక్క అంకె చెప్పండి చాలు.

అదే పరిశోధనలో ఇంకో గుంపుకు రోజూ అరగంట నడక, చక్కెర మానడం, తెల్ల బియ్యం, మైదా, నూనెలు తగ్గించి కూరగాయలు, పీచు పెంచడం నేర్పారు. అప్పుడప్పుడు ఫోన్ చేసి గుర్తుచేశారు. వారిలో షుగర్ వచ్చినవారు నూటికి 39 మంది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన గుంపులోనూ దాదాపు అంతే. విశేషమేమిటంటే నడక గుంపులో సగటు బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. బరువు తగ్గకపోయినా మేలు కలిగింది. "నెల రోజులు నడిచాను, ఒక్క కిలో కూడా తగ్గలేదు" అని నడక మానేసేవారికి ఈ సంగతి మేము పదేపదే చెబుతుంటాం. కండరం పని చేస్తే అది ఇన్సులిన్ మాట వింటుంది, మిషన్ మీద అంకె కదిలినా కదలకపోయినా.

బరువు కూడా తగ్గితే మేలు ఇంకా ఎక్కువ. అమెరికాలో బార్డర్‌లో ఉన్న 3234 మందితో జరిగిన పెద్ద పరిశోధన 2002లో వచ్చింది. ఒంటి బరువులో నూటికి 7 వంతులు తగ్గించడం, వారానికి 150 నిమిషాలు నడవడం వారి లక్ష్యం. ఆ ప్రకారం చేసిన గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్నవారిలో 31 శాతమే తగ్గింది. తర్వాత లెక్కలు కట్టి చూస్తే, తగ్గిన ఒక్కో కిలోకు ముప్పు 16 శాతం చొప్పున తగ్గిందని తేలింది. మన దర్జీకి నూటికి 7 అంటే ఐదు కిలోల లోపే. మళ్లీ 55కి రమ్మని ఎవరూ అడగడం లేదు. ఆ పరిశోధనలోనే ఇంకో మాట ఉంది. బార్డర్ నుంచి ఒక్కసారైనా మామూలు అంకెకు తిరిగి వచ్చినవారికి తర్వాతి ఏళ్లలో షుగర్ వచ్చే ముప్పు సగానికి పైగా తక్కువ. ఒక్కసారి వెనక్కి వచ్చినా అది వృథా పోదు.

ఇంతవరకు చదివిన దాతలకు ఒక సందేహం రావచ్చు. పేదవారికి తిండే లేదు, వారికి బరువు తగ్గమని చెప్పడమేమిటి? మా కమిటీ సమావేశంలోనూ ఈ మాట వచ్చింది, కాస్త వేడిగానే వచ్చింది. సందర్భం రంజాన్ రేషన్ కిట్. ఏళ్లుగా మనం ఇస్తున్న కిట్‌లో బియ్యం, మైదా, చక్కెర, డాల్డా, సేమియా ఎక్కువ, పప్పు తక్కువ. కిట్ బరువుగా ఉండాలి, ధర తక్కువ పడాలి, కాబట్టి అలా అయ్యింది. మాకు వైద్య సలహాలిచ్చే డాక్టర్ గారు ఆ జాబితా చూసి, "కార్యాలయంలో ఒక బల్ల దగ్గర షుగర్ మందులు, ఇంకో బల్ల దగ్గర షుగర్ పంచుతున్నాం" అన్నారు. దశాబ్దాలుగా విరాళమిస్తున్న మా పెద్దాయన ఒకరికి కోపం వచ్చింది. "ఏమయ్యా డాక్టరూ, పేదోడి పండక్కి షీర్ ఖుర్మా కూడా కొలిచిపోస్తావా?" అన్నారు. డాక్టర్ గారు, "షీర్ ఖుర్మా ఒక్క రోజుది చిచ్చా, అది ఉండాల్సిందే. మిగిలిన ఇరవై తొమ్మిది రోజుల డాల్డా గురించే నా బాధ" అన్నారు.

చివరకు సేమియా ఉంచాం. చక్కెర సగం చేశాం. డాల్డా తీసేసి వేరుశనగ నూనె పెట్టాం. మైదా బదులు గోధుమపిండి, అదనంగా కందిపప్పు, శనగలు చేర్చాం. కిట్ చూడ్డానికి చిన్నదైంది, ఖర్చు పెరిగింది. కొందరు లబ్ధిదారులు, "పోయినసారి ఎక్కువ ఇచ్చారు" అన్నారు కూడా. ఆ మాట మాకు నొప్పిగానే ఉంది. అయినా వచ్చే ఏడాదీ ఇలాగే ఇవ్వాలని నిర్ణయించాం. దాతలుగా మీరు దీన్ని తెలుసుకోవాలనే ఇక్కడ రాస్తున్నాం. పేదవారి పళ్లెంలో ఉండేది తక్కువ తిండి కాదు. చౌక తిండి ఎక్కువ, పప్పు, కూరలు తక్కువ. దాని ఫలితమే సన్నని కాళ్లు చేతులు, ముందుకొచ్చిన పొట్ట.

రంజాన్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఉపవాసాలతో బరువు తగ్గుతుందని చాలామంది నమ్మకం. పరిశోధనలన్నీ కలిపి చూస్తే నెల చివరకు సగటున ఒక కిలో, అంతకు కాస్త అటూ ఇటూ తగ్గుతుంది. పండగయ్యాక కొద్ది వారాల్లోనే అందులో ఎక్కువ భాగం తిరిగి వచ్చేస్తుంది. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా మనం ఎలా తింటామో అందరికీ తెలుసు. హలీమ్ గిన్నె పక్కన పకోడీ, దాని పక్కన గులాబీ షర్బత్. కడుపులో మూడో వంతు మాత్రమే ఆహారానికని దైవప్రవక్త (సఅసం) నేర్పిన హద్దు ఉపవాసం విప్పే వేళకు వర్తించదని ఎవరైనా చెప్పారా? తరావీహ్‌కు నడిచి వెళ్లే అలవాటు, ఇఫ్తార్‌కు ఖర్జూరం, నీళ్లు, పండుతో ఆగి మగ్రిబ్ తర్వాత కూర్చుని భోంచేసే అలవాటు షవ్వాల్‌లోనూ కొనసాగితే ఆ కిలో తిరిగి రాదు. ఇప్పటికే ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడుతున్నవారు మాత్రం రోజా పాటించే ముందు డాక్టర్‌ను తప్పక కలవాలి.

స్త్రీల సంగతి మాకు ఎక్కువ దిగులు కలిగిస్తోంది. ఒక్కో కాన్పుకూ కొంత బరువు ఒంట్లో మిగిలిపోవచ్చు. నాలుగో బిడ్డ నాటికి అది ఎంతవుతుందో లెక్కవేసుకోండి. ఇంటిపని చేస్తున్నాం కదా అంటారు, నిజమే, కానీ ఆ పని నిలబడి, కూర్చుని చేసేదే ఎక్కువ. నడుద్దామంటే ఎక్కడ నడవాలి? మగవారికి మైదానాలున్నాయి, పార్కులున్నాయి. శిబిరానికి భర్తను తీసుకొచ్చి తాను పక్కన నిలబడిన ఒక ఆపాను మా మహిళా కార్యకర్త పిలిస్తే, "నాకేమైంది బేటా, ఆయనది చూడండి" అన్నారు. బలవంతం మీద పరీక్ష చేస్తే భర్త అంకె మామూలుగా ఉంది, ఆమెది బార్డర్‌లో ఉంది. ఆ తర్వాత నుంచి స్త్రీలకు పర్దా ఉన్న గదిలో, స్త్రీల చేతనే కొలతలు తీయిస్తున్నాం. మన పాఠశాల ఆవరణను ఫజర్ తర్వాత గంటసేపు స్త్రీల నడకకు మాత్రమే తెరవాలని యాజమాన్యాన్ని కోరాం, వారు ఒప్పుకున్నారు. గేటు తాళం ఒక మహిళా కార్యకర్త దగ్గరే ఉంటుంది. ఇప్పటికి వచ్చేవారు కొద్దిమందే. మామిడిచెట్టు వరకు వెళ్లి కబుర్లలో పడి ఆగిపోతున్నారని కూడా విన్నాం. అదీ మంచిదే, ఇల్లు దాటి వచ్చారు.

ఇక ఈ ఏడాది చేయదలచిన పని. ఢిల్లీ డాక్టర్లను చూసి మాకు ఒక ఆలోచన వచ్చింది. మన స్కాలర్‌షిప్ పొందే పిల్లలు ఇంటర్ మొదలు డిగ్రీ దాకా ప్రతి ఏటా దరఖాస్తు పునరుద్ధరణకు మన కార్యాలయానికి రాక తప్పదు. మార్కుల జాబితా ఎలాగూ చూస్తాం. అదే రోజు బరువు, ఎత్తు, నడుం కొలిచి ఒక కార్డులో రాసి ఇద్దాం. పక్కనే పోయినేటి అంకె కనబడుతుంది. ఎవరినీ నలుగురిలో పెట్టి కొలవం, అంకె పైకి చదవం, లావని ఎవరినీ ఒక్క మాట అనం. బరువును బట్టి స్కాలర్‌షిప్ ఇవ్వడం, ఆపడం ఉండదు. రెండేళ్లు వరసగా గీత పైకి పోతే ఆ కుటుంబంతో డాక్టర్ గారు విడిగా మాట్లాడతారు, అంతే. వీరిలో చాలామంది తండ్రులు షుగర్ రోగులు. ఈ పిల్లలకిప్పుడు ఇరవై ఏళ్లు. వారి గోడకు చెమ్మ ఇంకా పట్టలేదు, లేదా ఇప్పుడే పడుతోంది.

పెద్దవారికి చెన్నై డాక్టర్ వి. మోహన్ బృందం తయారుచేసిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్ వాడుతున్నాం. సూది అక్కర్లేదు. వయసు, నడుం కొలత, శ్రమ, తల్లిదండ్రులకు షుగర్ ఉందా లేదా, ఈ నాలుగింటికి మార్కులు వేసి కూడితే చాలు. మొత్తం 100కి 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ముప్పు ఎక్కువ. అలాంటివారికే రక్త పరీక్ష చేయిస్తాం, కాబట్టి ఖర్చు కూడా తగ్గుతుంది. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రయత్నం చేయకుండా బరువు తగ్గిపోతుంటే సంతోషించకండి, వెంటనే డాక్టర్‌కు చూపించండి. ముదిమి వయసువారు, గర్భిణులు సొంతంగా తిండి తగ్గించుకోకూడదు.

నిధుల విషయం స్పష్టంగా చెబుతున్నాం. జకాత్ సొమ్ము అర్హులైన పేదల చేతికే చేరాలి కాబట్టి అది మందులకు, రోగుల వ్యక్తిగత సహాయానికే వెళుతుంది. శిబిరాలు, కార్డులు, మిషన్లు, స్ట్రిప్‌ల ఖర్చు సదఖా నిధి నుంచి భరిస్తాం. రెండు లెక్కలూ వేరువేరు పుస్తకాల్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు. మాకు ఇప్పుడు కావలసినవి స్త్రీల గదికి ఒకటి, పురుషుల గదికి ఒకటి మంచి బరువు మిషన్లు, ఎత్తు కొలిచే స్టాండు, మూడు నెలల సగటు పరీక్షను తక్కువ ధరకు చేసిపెట్టే ల్యాబ్ యజమాని ఎవరైనా. వేలికి గుచ్చే ఒక స్ట్రిప్ ఖర్చు ఒక ఇరానీ చాయ్, రెండు బిస్కెట్ల ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది.

మిషన్ మొదట ఎక్కాల్సింది దాతలేనని కమిటీ తీర్మానించింది. దుకాణంలో గల్లా ముందు పొద్దంతా కూర్చునేవారు, రోజుకో వలీమాకు హాజరయ్యేవారు మనలోనే ఎక్కువ కదా. ప్రతి ఆదివారం జుహర్ నమాజు తర్వాత కార్యాలయం తెరిచి ఉంటుంది. అస్ర్ వరకు ఎప్పుడైనా రావచ్చు. రక్త పరీక్ష పరగడుపున చేయాలి కాబట్టి దానికి వేరే రోజు ఉదయం సమయం ఇస్తాం. వచ్చేటప్పుడు పాత పరీక్ష కాగితాలు ఏవైనా ఉంటే తీసుకురండి. నికాహ్ నాటి బరువు గుర్తులేనివారు ఆ రోజు ఫోటో తెచ్చినా సరే. మా సలహాదారు డాక్టర్ గారు ఇప్పటికే తన ఫోటో తెచ్చి గోడకు తగిలించారు. ఆయన పెరిగింది పద్నాలుగు కిలోలు.